మేస్టారి పంటిగాటు

పోయిన వారం రెండు పెళ్ళి మేళాల్ని కోటబొమ్మాళి సంత వీధిలో, మిట్ట మధ్యాహ్నం ఎండలో, ఎదురెదురుగా నిలబెట్టి చక్కా వచ్చేశాం. నన్ను తిడుతూ మీలో కొందరు వాట్సాప్‌లో పెట్టిన కబుర్లు సంపాదకులు పనిగట్టుకుని చూపించారు. తిట్టండి, ఫరవాలేదు. ఈ వారం ఇంకా తిడతారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇటు వైపు నెల్లిమర్ల జీవరత్నం బ్యాండు. ముందు నిలబడి క్లారినెట్ ఊదుతున్నది జీవరత్నం కూతురు ప్రిస్కిల్లా. ఆమె పక్కన సైడ్ డ్రమ్ మెడలో వేసుకున్నది తమ్ముడు స్టాన్లీ. అటు వైపు గంగులు మేళం. గంగులు సముద్రపొడ్డు మనిషి. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ ఊరి అమ్మవారి పండగకి జీవరత్నం బ్యాండు వచ్చింది. ఆ క్లారినెట్ విని, బ్యాండు వెనక నడిచి నడిచి, ఊరు దాటిపోయి, లారీ ఎక్కి నెల్లిమర్ల చేరిపోయినవాడు. వాళ్ళమ్మ కూర్మమ్మ చేపల బుట్ట పక్కన పడేసి మూడు రోజులు వెతికింది. పదిహేనేళ్ళు జీవరత్నం పెరట్లోనే నేర్చుకున్నాడు. తర్వాత సొంత మేళం పెట్టుకున్నాడు.

ఏడు వారాల కిందట, ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, చర్చి నుంచి ఇంటికి వస్తున్న జీవరత్నాన్ని జనపనార మిల్లు వెనక సందులో ఎవరో వెనకనుంచి గోనెసంచి ముసుగేసి పడగొట్టారు. కుడిచేతి బొటనవేలు రాతిమీద పెట్టి ఇనుప కడ్డీతో చితక్కొట్టారు. ఆ వేలు ఇక వంగదని డాక్టరు చెప్పేశాడు. ఆయన మౌత్‌పీసు కూడా పోయింది. క్లారినెట్‌కి నోట్లో పెట్టుకునే నల్లటి కొస, అదే మౌత్‌పీసు. ఆ పొద్దున్న నాన్న దాన్ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోవడం కళ్ళారా చూశానని స్టాన్లీ పోలీసులకి చెప్పాడు. కొట్టినవాళ్ళే పట్టుకుపోయారని ఊరంతా నమ్మింది. ఎవరు కొట్టారంటే మాత్రం జీవరత్నం ఒకటే మాట. చూడలేదు.

ఇక సంత వీధికి వద్దాం.

మేళాల వాళ్ళకి ఒక కట్టుబాటుంది. రెండు ఊరేగింపులు ఎదురుపడితే దారి ఇచ్చేది పెద్దమనుషులు కాదు, మేళం. ఎవరి క్లారినెట్ ముందుగా పెదవి దిగితే వాళ్ళు పక్కకి తప్పుకోవాలి. మాటలుండవు, తిట్లుండవు. ఎదుటివాడి వాయిద్యం మీద చెయ్యి వేసినవాడికి ఆ జిల్లాలో మళ్ళీ ఎవరూ మేళం చెప్పరు. ఆ రోజు ప్రిస్కిల్లా, గంగులు ముప్పావు గంట ఊదారు. పెళ్ళివాళ్ళు ముహూర్తం మర్చిపోయారు. టెక్కలి బస్సు ఆగిపోతే డ్రైవరు దిగి వచ్చి వింటూ నిలబడ్డాడు. ప్రిస్కిల్లా కింది పెదవి పంటికింద నలిగి తెగి, మౌత్‌పీసుకి బిగించిన రెల్లు బద్ద మీదికి నెత్తురు దిగుతోంది. అయినా దించలేదు. గంగులు ఒక్కో అడుగూ ముందుకు వేశాడు, ఆమె కూడా వేసింది. రెండు క్లారినెట్లూ జానెడు దూరంలోకి వచ్చాయి.

అప్పుడు చూసింది ప్రిస్కిల్లా. క్లారినెట్ దించకుండానే ఊపిరి కోసం గంగులు పైపళ్ళు ఎత్తినప్పుడు, ఆ మౌత్‌పీసు మీద ఒక్కటే పంటిగాటు.

క్లారినెట్ ఊదేవాళ్ళ పైపళ్ళు రెండూ ఏళ్ళ తరబడి ఆనుకుని ఆనుకుని మౌత్‌పీసు మీద రెండు గాట్లు పడతాయి. జీవరత్నానికి ముందుపన్ను ఒకటి వయసులోనే మిల్లు పనిలో ఊడిపోయింది. అందుకని ఆయన మౌత్‌పీసుకి ఎడమపక్క ఒక్కటే గాటు, లోతుగా. ప్రపంచంలో అలాంటిది ఇంకోటి ఉండదు. చిన్నప్పుడు ప్రిస్కిల్లా ఆ గాట్లో తన చిటికెనవేలి గోరు పెట్టి ఆడుకునేది.

ఆమె క్లారినెట్ పెదవి దిగిపోయింది. అటువైపు జనం ఈలలు వేశారు. గెలిచాడనుకున్నారు, పాపం.

"మా నాన్నదిరా అది!" అని స్టాన్లీ అరిచిన అరుపుతో పోయిన వారం ఆగాం. మెడలోని డ్రమ్ము తీసి నేలకేసి కొట్టాడు. గంగులు మీదికి దూకాడు. మొదటి గుద్దు చెవి మీద పడింది. రెండోది ముక్కు మీద. గంగులు తెల్ల యూనిఫారం బొత్తాల వెంట ఎర్రగా కారింది. అటు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించేవాడు స్టాన్లీ వీపు మీద డ్రమ్ము పుల్లతో బాదాడు. ఇటువాళ్ళు వాణ్ణి జుట్టు పట్టుకుని లాగారు. ఒక ట్రంపెట్ ఎవరి కాళ్ళ కిందో పడి అప్పడమైంది. పెళ్ళికొడుకు గుర్రం బెదిరి చెరుకురసం బండిని తన్నేసింది. పెళ్ళిపెద్దలు అడ్డం పడి, కాళ్ళు పట్టుకుని, రెండు ఊరేగింపుల్నీ చెరో సందులోకి తోసేశారు. ఎవడో డీజే పెట్టేశాడు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

గంగులు ముక్కు అదుముకుంటూ ప్రిస్కిల్లా దగ్గరికి వచ్చాడు.

"సెప్తాను సెల్లీ. ఇక్కడ కాదు. ఆ గొడౌన్లోకి రా."

మేళాలకి భోజనాలు పెట్టడానికి ఇచ్చిన ధాన్యం గొడౌను అది. గంగులు ముందు నడిచాడు. ప్రిస్కిల్లా వెనక వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా అన్నా అని పిలిచిన మనిషి వీపు చూస్తూ నడిచింది. ఆ వీపులో కత్తి దింపాలన్నంత కసి ఆమెకి ఉంది, దాచిపెట్టి లాభం లేదు. స్టాన్లీ ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చాడు. వస్తూ వస్తూ లైట్ల బండి మీదున్న జనరేటర్ తిప్పే ఇనుప హ్యాండిల్ తెచ్చాడు. లోపలికి రాగానే షట్టర్ లాగేశాడు.

గొడౌన్లో బస్తాలు, మధ్యలో ధాన్యం తూచే ఇనుప కాటా, పైన రేకుల్లోంచి రెండు మూడు చోట్ల ఎండ. బియ్యపు పొడి వాసన.

"సెప్పు," అంది ప్రిస్కిల్లా.

గంగులు నోరు తెరిచాడు. స్టాన్లీ మాట రానివ్వలేదు. హ్యాండిల్‌తో మోకాలి మీద ఒక్కటి వేశాడు. గంగులు కూలబడ్డాడు. రెండోది వీపు మీద. మూడోది భుజం మీద. గంగులు అరవలేదు. ఒక్కసారిగా రెండు చేతులూ చంకల్లో దాచేసుకుని ముడుచుకుపోయాడు. వాయిద్యం వాయించేవాడు దెబ్బలు తినే పద్ధతి అది. తల ఇచ్చేస్తాడు, వేళ్ళు ఇవ్వడు.

"నెత్తిమీద కొట్టుకోరా స్టాన్లీ," అన్నాడు. "ఎక్కడైనా కొట్టుకో. సేతులొద్దు."

"సేతులే కావాల్రా నాకు! మా నాన్నకి సేసినట్టే సేస్తాను. అక్కా, ఈడి సెయ్యి పట్టుకో. కాటా మీదెట్టు. బొటనేలు సాపు."

ప్రిస్కిల్లా మంచిపిల్ల. ఇరవై రెండు వారాలుగా మీకు అలాగే చెబుతూ వచ్చాను. అందుకే ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గంగులు కుడిచేతిని చంకలోంచి లాగి, మణికట్టు రెండు చేతులా పట్టుకుని కాటా ఇనపపలక మీద అదిమింది. బొటనవేలు విడదీసింది. వేలి పక్కన గట్టి కాయ తగిలింది. క్లారినెట్ బరువంతా మోసే చోట పడే కాయ అది. తన వేలికీ ఉంది. అయినా వదల్లేదు.

"మా నాన్న అన్నం ముద్ద కలుపుకోలేకపోతన్నాడురా," అంది. ఏడుస్తోంది. "మా అమ్మ తినిపిస్తంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి ఆ మౌతుపీసు నోట్లో ఎలా ఎట్టుకున్నావురా?"

"కొట్టించు సెల్లీ. నీకు తీరతాదంటే కొట్టించు. కానీ ముందు నా జేబులో ఫోను తియ్యి. తాళం నేదు దానికి. మట్టల ఆదివారానికి ముందు శనివారం... మా ఊళ్ళో కొత్త పడవ నీట్లోకి దించినాం. ఆ వీడియో సూడు."

"ఫోనూ లేదు గీనూ లేదు!" స్టాన్లీ హ్యాండిల్ పైకెత్తాడు.

"ఆగరా," అంది ప్రిస్కిల్లా.

"అక్కా, ఈడి మాటలు ఇనకు. పట్టుకో గట్టిగా!"

"ఆగమన్నానా!"

ఆ అరుపుకి స్టాన్లీ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె ఒక చేత్తో మణికట్టు అదిమిపెట్టే ఉంచి, రెండో చేత్తో ఫోన్ తీసింది. అద్దం పగిలి ఉంది. వేలు జరుపుతూ వెనక్కి వెళ్ళింది. పెళ్ళిళ్ళు, చేపల వలలు, కూర్మమ్మ నవ్వు మొహం, మళ్ళీ పెళ్ళిళ్ళు. శనివారం దొరికింది. పసుపు రాసిన కొత్త పడవ, మామిడి తోరణం, పడవ ముక్కు దగ్గర నిలబడి ఊదుతున్న గంగులు. తీస్తున్నది ఎవరో చుట్టాల పిల్ల, కెమెరాని మామయ్య మూతి దగ్గరికి తెచ్చి నవ్వుతోంది, గంగులూ నవ్వి నోరు తీశాడు. నల్లటి మౌత్‌పీసు తెరంతా నిండింది. ఎడమపక్క ఒక్కటే గాటు.

కింద తారీకు ఉంది. రెండుసార్లు చదివింది.

ఆదివారం పొద్దున్న నాన్న జేబులో పెట్టుకున్న వస్తువు, ముందురోజు మధ్యాహ్నం అరవై కిలోమీటర్ల అవతల సముద్రపొడ్డున మోగుతోంది.

"ఎప్పుడిచ్చేడు?" అంది.

"శుక్రవారం. కబురెట్టినారు, వచ్చినాను. నువ్వు పార్వతీపురం మేళానికెల్లినావు. అరుగుమీద కూకోబెట్టి గుడ్డ ఇప్పి నా సేతిలో ఎట్టినారు." గంగులు ముక్కులోంచి కారుతున్నది మోచేత్తో తుడుచుకున్నాడు. "అమ్మగారు గుమ్మంలో ఉన్నారు. స్టాన్లీ మెట్టుమీద కూకొని డ్రమ్ము బిగించుకుంటన్నాడు."

ప్రిస్కిల్లా మణికట్టు వదిలేసింది.

మీకు ఒక సంగతి చెప్పాలి. మేళాల్లో ఎవడి మౌత్‌పీసు ఇంకొకడు ముట్టుకోడు. ఎంగిలి. తండ్రిదైనా సరే. ఊదేవాడు బతికుండగా తన మౌత్‌పీసు తీసి ఒకరి చేతిలో పెట్టాడంటే, ఇక నా చోటు నీది అని చెప్పినట్టే. కాగితాలుండవు, సాక్షులుండరు, అంతే. ఏడేళ్ళ వయసునుంచి నాన్న వెనక నిలబడి ఊదింది ప్రిస్కిల్లా. ఆడపిల్ల బ్యాండులో ఊదడమేంటని నవ్విన ఊళ్ళన్నిటి నోళ్ళూ ఊది మూయించింది. ఆ ముక్క నాన్న తనకి కాకుండా గంగులుకి ఇచ్చాడు. దొంగతనమైతే బావుండేదని ఆ క్షణంలో ఆమెకి నిజంగా అనిపించింది.

"నాకెందుకియ్యలేదు?" అంది.

"నేనూ అదే అడిగినాను సెల్లీ. నాకెందుకు మేస్టారూ, పాపకి కదా ఇయ్యాలన్నాను. ఆయనేటన్నారో తెలుసా? 'ఒరే, నీకింకా నా గొంతే కావాలిరా. ఇరవై ఏళ్ళయినా నాలాగే ఊదాలని సూస్తావు. ఇది నోట్లో ఉంటే నీకు ధైర్యం. దానికి ఇదెందుకు? దాని ఊపిరి దానిదే. నాది ఇస్తే అది పాడైపోద్ది' అన్నారు. బ్యాండు సంగతి ఎత్తనేదు. బ్యాండు నీదేనని ఆయనకి అనుమానమే నేదు. నాకూ నేదు."

అంత మంచిమాట నాన్న తన గురించి ఎప్పుడూ ఎదురుగా అనలేదు. ఆ మాట విన్నవాడి చెయ్యి విరగ్గొట్టించడానికి ఇప్పటిదాకా అదిమిపెట్టి ఉంచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఎత్తేసరికి ఎదురుగా తమ్ముడున్నాడు.

"స్టాన్లీ. ఆదివారం పొద్దున్న నాన్న జేబులో ఏటి సూసేవురా?"

స్టాన్లీ హ్యాండిల్ చేతులు మార్చుకున్నాడు.

"పోలీసులకి సెప్పేవు. పాస్టరు గారికి సెప్పేవు. నా తలమీద సెయ్యేసి సెప్పేవు. ఏటి సూసేవు?"

"పొరపాటు పడ్డానేమో. ఏదో గుడ్డ... గుర్తు లేదక్కా."

"నాన్న ఎదురుగానే కూకొని సెప్పేవు. ఆయన శుక్రవారమే ఇచ్చేసిన వస్తువు ఆదివారం పోయిందని నువ్వు సెప్తంటే నోరెత్తలేదు. ఎందుకెత్తలేదురా?"

అడుగుతున్నకొద్దీ ఆమెకే సమాధానం వచ్చేస్తోంది. వద్దు వద్దు అనుకుంటున్నా వస్తోంది. బయటివాడు క్లారినెట్ వాళ్ళ చెయ్యి పాడుచెయ్యాలంటే ఏం చేస్తాడు? కదిలే వేళ్ళు విరగ్గొడతాడు. నాలుగు వేళ్ళూ కన్నాల మీద ఆడుతుంటాయి, ఎవడికైనా అవే కనిపిస్తాయి. కుడి బొటనవేలు ఏ కన్నమూ మూయదు. కింద దాక్కుని బరువు మోస్తుంది. అది పోతే క్లారినెట్ పట్టుకోవడమే ఉండదని ఊదేవాళ్ళకి తెలుసు. ఊదేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి తెలుసు.

"బొటనేలే ఎందుకన్నావురా ఇందాక?" అంది.

"నాన్నకి అదే కదా ఇరిగింది. అందుకే అన్నాను."

"నువ్వే సేసేవు."

"అక్కా!"

"నువ్వే సేసేవురా! ఆ నేరం గంగులన్న మీదెట్టడానికి మౌతుపీసు పోయిందన్నావు. ఎప్పుడో ఒకప్పుడు ఆయన నోట్లో కనపడతాదని తెలుసు నీకు. ఇయ్యాళ కనపడేసరికి, నోరిప్పకముందే సంపేద్దామని గొడౌన్లోకి..."

మాట పూర్తి కాలేదు. స్టాన్లీ గంగులు తల మీదికి హ్యాండిల్ ఎత్తి కొట్టాడు. ఈసారి వేలికోసం కాదు, ప్రాణానికే. ప్రిస్కిల్లా ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక పుటుక్కుమన్న చప్పుడు ముగ్గురికీ వినిపించింది. దెబ్బ ఆమె చేతి మీదనుంచి జారి గంగులు కణత మీద పడింది. చర్మం చిట్లి కళ్ళలోకి నెత్తురు దిగింది. అతను బస్తాల మీదికి ఒరిగిపోయాడు. ప్రిస్కిల్లాకి కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుని లాగింది. స్టాన్లీ వదిలేశాడు. అక్క చెయ్యి వేలాడుతుంటే చూసి దగ్గరికి రాబోయాడు.

"అక్కా... నీ సెయ్యి... నీ సెయ్యి అక్కా..."

"ముట్టుకోకు నన్ను."

"నీకోసమే సేసేనక్కా. నిజం. ఇరవై ఏళ్ళు ఊదేవు నువ్వు. ఎండలో ఊదేవు, జొరంతో ఊదేవు, నీ పెళ్ళిసూపులు తప్పిపోతన్నా ఊదేవు. నాన్న తీసుకెళ్ళి అది ఈ జాలరోడికి ఇచ్చేస్తే సూస్తా కూకోమంటావా? ఈస్టర్‌కి బ్యాండు ముందు ఈడు నిలబడతాడనుకున్నాను. నువ్వు ఈడి వెనకాల నిలబడాలనుకున్నాను. నాన్న ఊదలేకపోతే, ఈణ్ణి పోలీసులు పట్టుకుపోతే, నీదే కదా అంతా."

"నాదేరా ఎప్పుడూ! నాదేనంట! ఇన్నావు కదా ఇప్పుడు!"

ఆ మాట తగిలిన తర్వాత స్టాన్లీ మొహం చూడడం ఆమెకి చేత కాలేదు. నాన్న ఇచ్చింది చోటు కాదు, ధైర్యం. ఇంట్లోవాళ్ళు దాన్ని చోటు అనుకున్నారు. అలా అనుకోవడానికి మేళాల ఇంట్లో పుట్టి ఉండాలి. ఇంకెవరింట్లోనైనా ఒక పాత నల్లముక్క కోసం ఇంత జరిగేది కాదు.

అంతలో షట్టర్ మీద దబదబా బాదుడు మొదలైంది.

"గంగులూ! ఒరే గంగులూ! తలుపు తియ్యండ్రా!"

కూర్మమ్మ గొంతు. పెళ్ళికి వచ్చిన గంగులు ఊరివాళ్ళంతా ఆమె వెనక ఉన్నారని అరుపుల్ని బట్టి తెలుస్తోంది. నలుగురైదుగురు కలిసి షట్టర్ కింద గునపం పెట్టి ఎత్తారు. ఎండ ఒక్కసారి లోపల పడింది. ముందు కూర్మమ్మ వంగి వచ్చింది. అరవై దాటిన మనిషి, పెళ్ళి చీర, జబ్బల దాకా ఉప్పుగాలికి కమిలిన చేతులు. ఆమె వెనక ఇరవై మంది మగవాళ్ళు. ఒకడి చేతిలో సోడాబుడ్డి, ఒకడి చేతిలో పందిరి గుంజ.

కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో నెత్తురు అదిమింది.

"ఓలమ్మ... ఎవుడ్రా? ఎవుడు కొట్టినాడ్రా నిన్ను?"

గంగులు ఒక కన్ను తెరిచాడు. ప్రిస్కిల్లా వైపు, స్టాన్లీ వైపు చూశాడు.

"ఎవుడూ కొట్టనేదమ్మా. బస్తాలు మీద పడినాయి."

"బస్తాలా? బస్తా పడితే కణత సిట్లిపోతాదా? నేను సేపలమ్మినాను గానీ బుర్ర అమ్ముకోనేదురా." ఆమె లేచి నిలబడింది. ప్రిస్కిల్లా కుడిచేతిలో హ్యాండిల్ ఉంది, దాని కొసకి నెత్తురుంది. కూర్మమ్మ అది చూసింది. ఆమె వెనకవాళ్ళూ చూశారు. ఇద్దరు ముందుకు వచ్చారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మేస్టారి కూతురివి నువ్వు. మీ ఇంట్లో నా కొడుకు పదేనేళ్ళు తిన్నాడు. అందుకే అడుగుతన్నాను. నువ్వే కొట్టినావా?"

ప్రిస్కిల్లాకి అబద్ధం ఆడడం ఎంత సులువో అర్థమైంది. గంగులే దారి వేసి పెట్టాడు. బస్తాలు పడ్డాయంటే చాలు. లేదా నేనే కొట్టానంటే చాలు, మేస్టారి మొహం చూసి ఆడపిల్లని వదిలేస్తారు. ఎలాగైనా తమ్ముడు బతికిపోతాడు. రేపు మళ్ళీ డ్రమ్ము తగిలించుకుని తన పక్కన నిలబడతాడు. నిజం చెబితే ఈ గుంపు చేతిలో పడతాడు, అక్కడ మిగిలితే పోలీసుల చేతిలో. బ్యాండు ఆ రోజుతో సరి. తండ్రిని కొట్టిన ఇల్లని పిలిచేవాడుండడు. ఇరవై ఏళ్ళ ఊపిరి ఒక్క మాటతో పోతుంది. ఆమె తమ్ముణ్ణి చూసింది. చిన్నప్పుడు వాడికి డ్రమ్ము పుల్లలు పట్టుకోవడం నేర్పింది తనే. ప్రేమ పోలేదు. పోతే బావుండేది.

"నేను కాదు పిన్నీ," అంది. "మా తమ్ముడు. నీ కొడుకుని కొట్టింది ఈడే. మా నాన్న ఏలు ఇరగ్గొట్టింది కూడా ఈడే. మీరు సెయ్యెయ్యకండి. పోలీసుల్ని పిలవండి. నేనే సెప్తాను వాళ్ళకి."

పందిరి గుంజ పట్టుకున్నవాడు స్టాన్లీ మెడ పట్టుకున్నాడు. ఇంకొకడు చెంప మీద చాచి కొట్టాడు. స్టాన్లీ పెనుగులాడలేదు. అక్క తనని అప్పగించేసిందని నమ్మలేక ఆమెనే చూస్తున్నాడు. మోకాళ్ళ మీద పడ్డాక నోరు విప్పాడు.

"నేను కొట్టనేదక్కా."

"ఇంకా అబద్ధమా!"

"ఈణ్ణి కొట్టినాను. నాన్నని కొట్టనేదు. ఆ సందులో నేనున్నాను. కడ్డీ నాదే. పైకెత్తేను కూడా. కొట్టలేకపోయినాను." ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తున్నాడు. "నామీదే ఏసుకుందామనుకున్నాను. జైలుకి పంపిస్తానంటన్నావు కదా, ఇంక నా వల్ల కాదు. అమ్మకి ఫోన్ సెయ్యి."

"అమ్మకెందుకురా?"

"సెయ్యి."

ఆమె ఎడమచెయ్యి పనిచెయ్యడం లేదు. ఫోన్ కాటా మీద పెట్టి ఒక్క చేత్తో నొక్కింది. స్పీకర్ పడింది. మూడో రింగుకి వాళ్ళమ్మ జ్ఞానసుందరి ఎత్తింది. 

"అమ్మా."

అవతలనుంచి జ్ఞానసుందరి, అన్నం తిన్నావా అని అడిగే గొంతుతోనే అడిగింది.

"సెప్పేసినాడా ఆడు?"

ప్రిస్కిల్లా కాటా అంచు పట్టుకుంది. "మట్టల ఆదివారం నువ్వు ఎక్కడున్నావమ్మా?"

"ఎక్కడుంటానే. గోనె నేనే ఏసినాను. ఆడు కడ్డీ ఎత్తి గజగజా ఒణుకుతా నిలబడిపోనాడు. లాక్కొని నేనే కొట్టినాను. ఇరవై ఏళ్ళు నీ ఊపిరికి కాపలా కాసినదాన్ని నేను. నలుగురూ నవ్వితే నీ ఎనకాల నిలబడ్డదాన్ని నేను. ఆ ముక్క పరాయోడి నోట్లో ఎడితే సూస్తా ఊరుకోమంటావా?"

"నాన్నకి తెలుసా?"

"నా సెయ్యి ఆయనకి తెలవదేటే?" అవతల కంచం కింద పెట్టింది. "ముద్ద పెడతన్నాను. పక్కనే ఉన్నారు. అంతా ఇంటన్నారు. ఉండు, ఇస్తాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఏడు వారాలుగా చూడలేదనే మాట తప్ప నోరెత్తని జీవరత్నం గొంతు సవరించుకున్నాడు.